తలుపు దగ్గర ప్రెస్సు కుర్రాడు

కొత్త డైరీ ఒకసారి తెరిచి చూడండి. మొదటి పేజీ చక్కటి దస్తూరీతో ఉంటుంది. పొద్దున అయిదింటికి లేవడం, రోజూ రెండు గంటలు కరెంట్ అఫైర్స్, వారానికి మూడు వ్యాసాలు రాసి సీనియర్‌కి చూపించడం. నాలుగో తారీకు నుంచి దస్తూరీ మారుతుంది. ఆ తర్వాత తెల్లకాగితాలే. రెజ్యూమె ఇంకా పోయిన ఏడాదిదే ఉంది. ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేరా దగ్గర ఆగింది. మెయిన్స్ ప్రాక్టీసు కోసం కొన్న పేపర్ల కట్ట ఇంకా విప్పనేలేదు. ఇప్పుడెందుకు, సంక్రాంతి వెళ్లాక మొదలెడదాంలే అనుకుంటున్నారు కదూ?

ఇంగ్లండులో శామ్యూల్ జాన్సన్ అనే రచయిత ఇలాంటి మొదటి పేజీలు సుమారు నలభై ఏళ్లపాటు రాసుకున్నాడు. కొత్త సంవత్సరానికి, ఈస్టర్ పండక్కి, సెప్టెంబరులో తన పుట్టినరోజుకి. దేవుడికి ఒక ప్రార్థన, దాని కింద తీర్మానాలు. పొద్దున్నే లేవాలి. బద్ధకం వదలాలి. ఒక పద్ధతి ప్రకారం చదవాలి. తర్వాత ఏడాది మళ్లీ అవే మాటలు, కాకపోతే పోయినసారి చేయలేకపోయానన్న ఒప్పుకోలు అదనం. ఆయన పోయాక 1785లో ఆ కాగితాలు పుస్తకంగా అచ్చయ్యాయి. జాన్సన్ లాంటివాడు ఇలా మథనపడేవాడా అని చాలామంది ముక్కున వేలేసుకున్నారు.

ఎందుకంటే ఆ మనిషి చేసిన పని అంతా ఇంతా కాదు. 42,773 పదాలతో ఇంగ్లిష్ నిఘంటువు తయారుచేశాడు. రెండేళ్లపాటు వారానికి రెండు వ్యాసాలు అచ్చేశాడు. షేక్‌స్పియర్ నాటకాలన్నిటినీ పరిష్కరించి ఎనిమిది సంపుటాలుగా తెచ్చాడు. 52 మంది కవుల జీవితాలు రాశాడు. తనంతటి సోమరి లేడని తనని తానే తిట్టుకుంటూ ఇంత ఎలా చేశాడన్నది తెలుసుకోదగ్గ సంగతే. ఆ తీర్మానాల వల్ల మాత్రం కాదు. అవి దాదాపు ఏవీ నిలబడలేదు.

డిగ్రీ లేదు, ఉద్యోగం రాలేదు

జాన్సన్ 1709లో లిచ్‌ఫీల్డ్ అనే ఊళ్లో పుట్టాడు. నాన్న మైఖేల్ పుస్తకాల వ్యాపారి. కొట్టు ఉంది, గౌరవం ఉంది, డబ్బే లేదు. పసితనంలోనే గండమాల సోకడంతో మెడ మీదా ముఖం మీదా మచ్చలు పడ్డాయి. ఒక కన్ను సరిగా కనిపించేది కాదు, వినికిడీ తక్కువే. పెద్దవుతున్నకొద్దీ ముఖం, భుజాలు, చేతులు తన ప్రమేయం లేకుండానే అదిరేవి. మొదటిసారి చూసినవాళ్లు భయపడేవారు.

1728లో ఆక్స్‌ఫర్డ్‌లోని పెంబ్రోక్ కాలేజీలో చేరాడు. చదువు ఒక లెక్క కాదు అతనికి. నాన్న కొట్టులోనే సగం లైబ్రరీ నమిలేసి వచ్చాడు మరి. కానీ డబ్బులు లేవు. బూట్లు చిరిగి వేళ్లు బయటికొచ్చాయి. ఎవరో జాలిపడి గది ముందు కొత్త జత పెట్టి వెళ్తే కోపంతో విసిరికొట్టాడు. 13 నెలలకి డిగ్రీ లేకుండా ఇంటికి తిరిగొచ్చేశాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు చీకటి. ఊరి గడియారం ముందు నిలబడి టైమెంతయిందో పోల్చుకోలేనంత నిస్సత్తువలో ఉండేవాడు. మనసు కాస్త కదులుతుందేమోనని బర్మింగ్‌హామ్‌దాకా నడిచి వెళ్లి, మళ్లీ నడిచి వచ్చేవాడు. అటూ ఇటూ కలిపి 30 మైళ్ల పైమాటే. పిచ్చి పడుతుందేమోనన్న భయం జీవితాంతం అతన్ని వదల్లేదు. వాయిదాలు వేసేవాళ్లందరినీ బద్ధకస్తులని ఒకే గాటన కట్టేయడం మన ఇళ్లలో మామూలే. జాన్సన్ కూడా తనని తాను అలాగే కట్టేసుకున్నాడు. అతని విషయంలో అది సగమే నిజం. మీకూ పుస్తకం తెరవడం కాదు, మంచం దిగడమే కష్టంగా ఉంటే అది టైమ్‌టేబుల్‌తో తీరే ఇబ్బంది కాదు. డాక్టరుతో మాట్లాడండి. జాన్సన్ కాలానికి ఆ సాయం ఇంతగా లేదు.

ఇక ఉద్యోగాల వేట. మార్కెట్ బాస్వర్త్ అనే ఊళ్లో బడిపంతులు పని దొరికితే నడుచుకుంటూ వెళ్లి చేరాడు. అక్కడి పెద్దమనిషి పెట్టే బాధ పడలేక కొన్ని నెలలకే మానేశాడు. 1735లో సాలిహల్ బడికి దరఖాస్తు పెట్టాడు. మనిషి పొగరుబోతని పేరుంది, ముఖం అదరడం చూసి పిల్లలు జడుసుకుంటారు అంటూ తిప్పికొట్టారు. ఇంకోచోట హెడ్‌మాస్టరు పోస్టు ఖాళీ ఉంది గానీ ఎం.ఏ. పట్టా కావాలన్నారు. అప్పటికి మహాకవిగా పేరున్న అలెగ్జాండర్ పోప్, జాన్సన్ ముఖమైనా చూడకుండానే, పద్యం చదివి మెచ్చి సిఫార్సు చేయించాడు. డబ్లిన్ నుంచి పట్టా ఇప్పించాలని పెద్దవాళ్లు ప్రయత్నించారు. అదీ కుదరలేదు.

మధ్యలో పెళ్లయింది. భార్య ఎలిజబెత్ వితంతువు, అతనికంటే ఇరవై ఏళ్లు పెద్దది. ఆమె డబ్బుతో సొంతంగా బడి పెట్టాడు. వేళ్లమీద లెక్కపెట్టేంతమంది పిల్లలు చేరారు. వాళ్లలో ఒకడు డేవిడ్ గ్యారిక్, తర్వాతి రోజుల్లో ఇంగ్లండులోకెల్లా గొప్ప నటుడయ్యాడు. బడి మూతపడింది. 1737 మార్చిలో పంతులూ శిష్యుడూ కలిసి లండన్ బయల్దేరారు. ఇద్దరికీ కలిపి ఒక్కటే గుర్రం. కొంతదూరం ఒకరు ఎక్కడం, కొంతదూరం ఇంకొకరు ఎక్కడం. జాన్సన్ సంచిలో సగం రాసిన నాటకం ఒకటుంది. అది రంగస్థలం ఎక్కడానికి ఇంకో 12 ఏళ్లు పట్టింది.

తెల్లారేసరికి 48 పేజీలు

లండన్‌లో ఎడ్వర్డ్ కేవ్ నడిపే జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌లో పని దొరికింది. పనంటే ఏమిటనుకున్నారు? ప్రూఫులు, అనువాదాలు, ముందుమాటలు, ఏది కావాలంటే అది. పార్లమెంటు చర్చలను అచ్చువేయడం అప్పట్లో నిషేధం. అందుకని లిల్లిపుట్ దేశపు సభ అని మారుపేరు పెట్టి ప్రచురించేవారు. ఎవరెవరు ఏ పక్షాన మాట్లాడారో రెండు ముక్కలు అందితే చాలు, జాన్సన్ తన గదిలో కూర్చుని ప్రసంగాలన్నీ అల్లేసేవాడు. మళ్లీ ఆ మాటలనే జనం మంత్రుల మాటలుగా నమ్మారు. అది తెలిశాక తప్పనిపించి మానేశానని తర్వాత చెప్పుకున్నాడు.

ఇక్కడ మీరు గమనించాల్సింది ఆ వేగం. పక్కన ప్రెస్సు ఆగి ఉంటే అతని కలానికి అడ్డుండేది కాదు. రిచర్డ్ శావేజ్ అనే కవి మిత్రుడు చనిపోతే, ఆయన జీవితకథ రాస్తూ ఒక్క రాత్రిలో 48 అచ్చుపేజీలు పూర్తి చేశాడు. నిద్రపోలేదంతే. ఆ పుస్తకం 1744లో వచ్చింది. ఇప్పటికీ మంచి జీవితచరిత్రల్లో ఒకటిగా చెప్తారు.

మీలో చాలామంది పరీక్షకి ముందు రాత్రి ఇలాగే చదువుతారు. ఆ మాటకొస్తే, డెడ్‌లైన్ ముందు రోజు దాకా ఈ వ్యాసం కూడా మొదలు కాలేదు. కాబట్టి జాన్సన్‌ని చూసి, చివరి నిమిషంలోనే ప్రతిభ బయటపడుతుందని అనుకునే ప్రమాదం ఉంది. తొందరపడకండి, కథలో ఇంకా చాలా ఉంది.

మూడేళ్లన్నాడు, తొమ్మిదేళ్లయింది

1746 జూన్‌లో లండన్ పుస్తక వ్యాపారులు కొందరు కలిసి నిఘంటువు పని జాన్సన్‌కి అప్పగించారు. మొత్తం 1,575 పౌండ్లు. గుమాస్తాల జీతాలు, కాగితాల ఖర్చు అన్నీ అందులోనే. ఎన్నేళ్లలో ఇస్తావంటే మూడేళ్లు చాలన్నాడు. ఫ్రెంచి అకాడమీలో నలభైమంది పండితులకు నలభై ఏళ్లు పట్టిందయ్యా అని మిత్రుడొకాయన గుర్తుచేస్తే, ఒక ఇంగ్లిష్‌వాడికీ ఫ్రెంచివాడికీ ఉన్న నిష్పత్తి సరిగ్గా అదేనని జోకు వేశాడు.

ఫ్లీట్ స్ట్రీట్ దగ్గర గఫ్ స్క్వేర్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని, పైఅంతస్తులో ఆరుగురు గుమాస్తాలను కూర్చోబెట్టాడు. వాళ్లలో అయిదుగురు స్కాట్లాండ్ వాళ్లు. స్కాట్లాండ్ వాళ్లంటే పడదని జీవితాంతం వెటకారాలాడిన మనిషి అన్నం పెట్టింది మాత్రం వాళ్లకే! పని ఇలా సాగేది. జాన్సన్ పాత పుస్తకాలు చదువుతూ, కావలసిన పదం కింద గీత గీసి, మార్జిన్లో దాని మొదటి అక్షరం రాస్తాడు. గుమాస్తాలు ఆ వాక్యాన్ని చీటీ మీదకి ఎక్కిస్తారు. ఆ చీటీలను అక్షరక్రమంలో పేరుస్తారు. ఆయన కూర్చుని అర్థాలు రాస్తాడు. పదాన్ని ఎవరెవరు ఎలా వాడారో చూపే ఉదాహరణలే లక్షా 14 వేల దాకా అయ్యాయి.

మూడేళ్లు గడిచేసరికి సగం కూడా కాలేదు. మొదట అనుకున్న పద్ధతే సరిగా లేదని తేలి, చాలా భాగం మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. డబ్బులిచ్చిన వ్యాపారులకు ఓపిక నశించింది. కాపీ పంపితేనే పైకం అన్నారు. ఇక్కడే జాన్సన్ మనలో చాలామంది చేసే పని చేశాడు. ముందున్న పెద్ద పని కదలకపోతే పక్కన ఇంకో పని మొదలెట్టాడు. కాకపోతే మనం ఫోన్ తీస్తాం, ఆయన పత్రిక పెట్టాడు.

దాని పేరు ర్యాంబ్లర్. 1750 మార్చి 20న మొదలై రెండేళ్లు నడిచింది. ప్రతి మంగళవారం, ప్రతి శనివారం ఒక వ్యాసం. మొత్తం 208 సంచికలు. వాటిలో నాలుగైదు తప్ప అన్నీ జాన్సన్ ఒక్కడే రాశాడు. వ్యాసానికి రెండు గినీలు వచ్చేవి. జబ్బు చేసినా, భార్య మంచంలో ఉన్నా, నిఘంటువు మెడ మీద కూర్చున్నా మంగళవారం మంగళవారమే, శనివారం శనివారమే. చాలా వ్యాసాలు తొందరతొందరగా రాసినవే. ప్రెస్సు నుంచి కుర్రాడు వచ్చి తలుపు దగ్గర నిలబడేవాడు. జాన్సన్ ఒక్కో కాగితం అందించేవాడు. రెండోసారి చదివి చూసుకునే టైము కూడా ఉండేది కాదు.

134వ సంచిక, 1751 జూన్ చివర్లో వచ్చింది, పనులు వాయిదా వేయడం గురించే. నిన్న పొద్దున్నుంచీ ఏ విషయం మీద రాయాలా అని తేల్చుకోలేక, ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి ఊగుతూ ఉండగానే ప్రెస్సు నుంచి పిలుపొచ్చిందని ఆ వ్యాసం మొదట్లోనే ఒప్పేసుకున్నాడు. ఇంక వేరే విషయం వెతకడం దేనికి, ఆ ఊగిసలాటనే విషయం చేసేశాడు. ఈ వ్యాసం చిత్రకారుడు జాషువా రెనాల్డ్స్ ఇంటి ముందుగదిలో కూర్చుని రాశాడని ఒక కథ ప్రచారంలో ఉంది. బాగుంటుంది గానీ నిజం కాదు. ఆ ఏడాది రెనాల్డ్స్ ఇటలీలో ఉన్నాడు. జాన్సన్ గురించి ఇలాంటి అతుకుల కథలు బోలెడు. అవి లేకపోయినా ఆయనకి లోటేమీ లేదు.

ర్యాంబ్లర్ 1752 మార్చి 14న ఆగిపోయింది. ఆ తర్వాత కొద్దిరోజులకే భార్య ఎలిజబెత్ కన్నుమూసింది. ఆ దుఃఖంలోనే నిఘంటువు దగ్గరికి తిరిగొచ్చాడు.

చివరి కాగితాలు వ్యాపారుల్లో ఒకడైన ఆండ్రూ మిల్లర్‌కి చేరినప్పుడు, హమ్మయ్య, వీడి పీడ వదిలింది, దేవుడికి దండం అన్నాడట. తీసుకెళ్లినవాడు ఆ మాట మోసుకొస్తే, పోనీలే మిల్లర్ కూడా దేవుణ్ని తలుచుకుంటాడన్నమాట, సంతోషం అని నవ్వాడట జాన్సన్. 1755 ఏప్రిల్ 15న రెండు భారీ సంపుటాలు విడుదలయ్యాయి. దానికి కొన్ని వారాల ముందు ఆక్స్‌ఫర్డ్ ఆయనకి గౌరవ ఎం.ఏ. పట్టా ఇచ్చింది. పుస్తకం మొదటి పేజీ మీద ఆయన పేరు పక్కన ఆ రెండక్షరాలు అచ్చయ్యాయి. ఏ పట్టా లేదని బడిపంతులు పని కూడా ఇవ్వలేదో ఆ పట్టా, పంతులు పని అక్కర్లేని రోజుకి వచ్చింది.

డబ్బు మాత్రం ఏమీ మిగల్లేదు. ఏడాది తిరక్కుండానే, 1756 మార్చిలో, 5 పౌండ్ల 18 షిల్లింగుల బాకీకి ఆయన్ని అరెస్టు చేశారు. నవలా రచయిత శామ్యూల్ రిచర్డ్‌సన్ ఆరు గినీలు పంపించి విడిపించాడు.

1759 జనవరి

లిచ్‌ఫీల్డ్‌లో అమ్మ ఉంది. పేరు సారా. నాన్న పోయాక ఆ పుస్తకాల కొట్టు ఆమే నడుపుకుంటూ వచ్చింది. జాన్సన్ చివరిసారి ఇంటికి వెళ్లింది 1740 ప్రాంతంలో. ఆ తర్వాత పందొమ్మిదేళ్లు వెళ్లలేదు. మరీ అంత దూరమా అంటే, గుర్రబ్బండిలో రెండు మూడు రోజుల ప్రయాణం. డబ్బు పంపేవాడు, ఉత్తరాలు రాసేవాడు. వస్తాను వస్తాను అనేవాడు. ముందు నిఘంటువు, తర్వాత అప్పులు, తర్వాత షేక్‌స్పియర్ పని. ప్రతి ఏడాదీ ఒక మంచి కారణమే ఉండేది.

1759 కొత్త సంవత్సరం వచ్చిన రెండు వారాలకి, అమ్మకి బాగా జబ్బుగా ఉందని కబురొచ్చింది. ఆమెకి 89 ఏళ్లు. జనవరి 13 నుంచి వరసగా ఉత్తరాలు రాశాడు. చేతిలో ఉన్నవీ అప్పు చేసినవీ కలిపి పన్నెండు గినీలు పంపాడు. మందులకీ, పనిమనిషికీ, ఒకవేళ జరగరానిది జరిగితే అంత్యక్రియలకీ ఇంకా కావాలి. జనవరి 20న ప్రింటర్ విలియం స్ట్రాహాన్‌కి ఉత్తరం రాసి, ఒక చిన్న కథాపుస్తకం ఇస్తాను, సోమవారం రాత్రికల్లా చేరుస్తాను, డబ్బు కావాలి అని అడిగాడు.

వారం రోజుల సాయంకాలాల్లో ఆ పుస్తకం రాశాడు. రాసింది రాసినట్టు ప్రెస్సుకి పోయింది. 100 పౌండ్లకి అమ్ముడైంది, రెండో ముద్రణకి ఇంకో 25. అదే రాసెలస్. అబిసీనియా రాకుమారుడొకడు, ఏ బతుకు బతకాలో తేల్చుకోవడానికి సుఖాల లోయ విడిచి బయటికి పోవాలనుకుంటాడు. వెంటనే పోతాడా? ఇరవై నెలలు ఊహల్లో గడిపేస్తాడు. ఆ తర్వాత, ఇక ఉత్తుత్తి తీర్మానాలతో టైము పాడుచేయకూడదని తీర్మానించుకుంటూ ఇంకో నాలుగు నెలలు గడిపేస్తాడు. చదివితే నవ్వొస్తుంది. రాసినవాడు ఎలాంటి వారంలో ఉండి రాశాడో తెలిస్తే అంత నవ్వు రాదు.

అమ్మ ఆ వారంలోనే పోయింది. జాన్సన్ లిచ్‌ఫీల్డ్ వెళ్లలేదు. 23న అంత్యక్రియలు జరిగాయి. అప్పటికీ ఆయన లండన్‌లోనే ఉన్నాడు.

వారానికి రెండు వ్యాసాలు తప్పకుండా ఇచ్చిన మనిషి, రెండ్రోజుల ప్రయాణాన్ని పందొమ్మిదేళ్లు వాయిదా వేశాడు. వ్యాసం కోసం తలుపు దగ్గర కుర్రాడు నిలబడేవాడు. గుమాస్తాలు జీతం కోసం పైఅంతస్తులో ఎదురుచూసేవారు. వ్యాపారులు తిట్టేవారు. లిచ్‌ఫీల్డ్ కొట్టులో ఎదురుచూస్తున్న ముసలావిడ మాత్రం ఎప్పుడూ తలుపు తట్టలేదు.

రాసెలస్‌ని జాన్సన్ అచ్చయ్యాక మళ్లీ ముట్టుకోలేదు. ఇరవై రెండేళ్ల తర్వాత, 1781లో, బండిలో ప్రయాణిస్తుంటే పక్కనున్న బాస్వెల్ దగ్గర ఒక ప్రతి కనిపించింది. లాక్కుని ఆత్రంగా చదువుకున్నాడు. బాస్వెల్ అంటే జాన్సన్ జీవితచరిత్ర రాసి తనూ ప్రసిద్ధుడైన స్కాట్లాండ్ లాయరు. మనకి ఈ కథల్లో చాలా భాగం తెలిసింది అతని వల్లే.

ఎనిమిదింటికి లేస్తే చాలు

1756లో షేక్‌స్పియర్ నాటకాలకి చందాలు వసూలు చేశాడు. 1757 క్రిస్మస్‌కల్లా ఇచ్చేస్తానన్నాడు. క్రిస్మస్ పోయింది, ఇంకో క్రిస్మస్ పోయింది. 1762లో చార్లెస్ చర్చిల్ అనే కవి, చందాలు మింగి పుస్తకం ఇవ్వడం లేదని పద్యంలో బహిరంగంగా ఎత్తిపొడిచాడు. పుస్తకం వచ్చింది 1765 అక్టోబరులో. చందాదారుల పేర్ల పట్టిక ఏదంటే, పోయిందన్నాడు. డబ్బు? అదీ ఖర్చయిపోయిందన్నాడు. ఈ విషయంలో ఆయన్ని వెనకేసుకురావడం నావల్ల కాదు. నమ్మి డబ్బిచ్చినవాళ్లు తొమ్మిదేళ్లు ఆగారు.

ఈలోగా 1762లో రాజు ఏడాదికి 300 పౌండ్ల పెన్షన్ ఇచ్చాడు. అప్పుల బాధ తీరింది. అంతే, రాతలు బాగా తగ్గిపోయాయి. రాత్రి ఒంటరిగా ఉండటం ఆయనకి భయం. అందుకని సత్రాల్లో, మిత్రుల ఇళ్లలో తెల్లవారుజామున రెండింటి దాకా కబుర్లు. పొద్దున లేవడం ఎప్పటికో. పాత చురుకు మాత్రం పోలేదు. అంతకుముందు ఐడ్లర్, అంటే సోమరి, అని తన మీద తనే సెటైరు వేసుకున్నట్టు పేరుపెట్టి వారం వారం వ్యాసాలు రాసే రోజుల్లో, ఒకసారి ఆక్స్‌ఫర్డ్‌లో టపా ఎప్పుడు వెళ్తుందని మిత్రుణ్ని అడిగాడు. అరగంటలో అన్నాడతను. అయితే చాలు అని కూర్చుని వ్యాసం ముగించాడు. ఏదీ చూడనీ అని మిత్రుడు చెయ్యి చాస్తే, నేనే చదవలేదు, నీకెందుకు అని కవరు అంటించేశాడు.

ఇప్పుడు ఆ తీర్మానాల కాగితాల దగ్గరికి వద్దాం. 1764 పుట్టినరోజున, 55 ఏళ్లుగా బాగుపడాలని ప్లాన్లు వేస్తూనే ఉన్నాను, చేసింది శూన్యం అని రాసుకున్నాడు. అప్పటికి నిఘంటువు వచ్చి తొమ్మిదేళ్లు! చేసిన పని కళ్ల ముందు రెండు సంపుటాలుగా ఉన్నా అది ఆయన లెక్కలోకి రాలేదు. మీకూ ఈ జబ్బు ఉందేమో చూసుకోండి. రాసిన పది మాక్ టెస్టులు గుర్తుండవు, ఎగ్గొట్టిన రెండే గుర్తుంటాయి.

మరుసటి ఈస్టర్‌కి, 1765లో, ఆయన రాసిన తీర్మానం నాకు అన్నిటికంటే ఇష్టం. ఎన్నో ఏళ్లుగా పెట్టుకున్న పెందరాళే లేవడం అనే లక్ష్యాన్ని పక్కనపెట్టి, ఎనిమిదింటికి లేస్తానని రాశాడు. ఎనిమిదంటే పెందరాళే కాదని తనకీ తెలుసు. కానీ మధ్యాహ్నం రెండు దాకా పడుకుంటున్నవాడికి ఎనిమిది చాలా నయం కదా అని కింద కారణం కూడా రాసుకున్నాడు. అయిదింటికి లేవాలని డైరీలో రాసి పదింటికి లేస్తున్నవాళ్లు ఈ లెక్కని తీరిగ్గా చూడొచ్చు. ఎనిమిది కూడా పూర్తిగా సాధించలేదనుకోండి. 1775 గుడ్ ఫ్రైడే నాడు వెనక్కి తిరిగి చూసుకుని, ఇన్నిసార్లు తప్పినవాణ్ని మళ్లీ ఎందుకు తీర్మానించుకోవాలి అని తనని తానే ప్రశ్నించుకున్నాడు. మారడం అవసరం కాబట్టి, ఆశ వదిలేయడం నేరం కాబట్టి అని జవాబు రాసుకుని, మళ్లీ మొదలుపెట్టాడు.

67 ఏళ్ల వయసులో, 1777లో, లండన్ పుస్తక వ్యాపారులు మళ్లీ తలుపు తట్టారు. కవుల పుస్తకాలు వేస్తున్నాం, ఒక్కొక్కరికీ చిన్న పరిచయం రాసిస్తారా అన్నారు. కావాల్సింది తలా నాలుగు మాటలు. ఆయన అడిగింది 200 గినీలు. అంతకు ఎన్ని రెట్లు అడిగినా ఇచ్చేవారు. బద్ధకిస్తూనే, వాయిదా వేస్తూనే, తిట్టుకుంటూనే మొదలుపెట్టాడు. కొందరు కవుల విషయంలో ఆ నాలుగు మాటలు ఒక పుస్తకమంత పెరిగాయి. 1779లో కొన్ని, 1781లో మిగతావి వచ్చాయి. ఆయన రాసినవాటిలో అదే ఉత్తమమని చాలామంది అంటారు. రాయడం గురించి ఆయన ఒక మాట అన్నాడు. మూడ్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, మొండిగా కూర్చుంటే ఎప్పుడైనా రాయగలం అని. మొండిగా కూర్చోవడం ఎంత కష్టమో ఆయన కంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

యుటాక్సిటర్ బజారు

ఇంకొక వాయిదా మిగిలి ఉంది. అమ్మ సంగతికంటే పాతది.

జాన్సన్ నాన్న మైఖేల్ సంత రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లకి పుస్తకాలు తీసుకెళ్లి అమ్మేవాడు. ఆక్స్‌ఫర్డ్ నుంచి తిరిగొచ్చి ఇంట్లో ఖాళీగా ఉన్న రోజుల్లో, ఒకసారి నాన్నకి ఒంట్లో బాగాలేదు. యుటాక్సిటర్ సంతకి నువ్వు వెళ్లి కొట్టు చూసుకోరా అన్నాడు. అంత చదువు చదివి సంతలో పుస్తకాలమ్మడమా అని జాన్సన్‌కి నామోషీ. వెళ్లనన్నాడు. నాన్నే వెళ్లాడు. 1731 డిసెంబరులో నాన్న పోయాడు. ఆ మాట చెప్పి క్షమించమని అడిగే రోజు రాలేదు.

సుమారు యాభై ఏళ్ల తర్వాత ఆయన యుటాక్సిటర్ వెళ్లాడు. అప్పటికి దేశమంతా పేరున్న ముసలాయన, డాక్టర్ జాన్సన్. సంత మధ్యలో, ఒకప్పుడు నాన్న కొట్టు ఉండే చోటు వెతుక్కుని, టోపీ తీసేసి నిలబడ్డాడు. వాన పడుతోంది. సంతకొచ్చిన జనం చూస్తున్నారు. చాలాసేపు అలాగే తడుస్తూ నిలబడి, వెనక్కి వెళ్లిపోయాడు.

ఈ సంగతి ఆయన చివరి ఏడాది, 1784లో, ఒక యువ మతాధికారికి చెప్పుకున్నాడు. అదే ఏడాది డిసెంబరు 13న చనిపోయాడు. యుటాక్సిటర్ బజారులో ఇప్పుడు ఆ దృశ్యం చెక్కిన శిల్పం ఉంది. వానలో బోడితలతో ఒక పెద్దాయన, చుట్టూ వింతగా చూస్తున్న సంత జనం.